పర్సెంటేజీ బావగారు

బెంగళూరులో పదిమంది తెలుగువాళ్ళు చేరిన చోట ఒక పర్సెంటేజీ బావగారు ఉండి తీరతారు. మా బావగారు స్పానర్ పట్టి ఎరగరు. అయినా ఏ ప్రాంతం బండ్లు ఏ సర్వీసింగ్ డిపోకి ఎన్ని వస్తున్నాయో లెక్కగట్టడమే ఆయన ఉద్యోగం. పెళ్ళిభోజనానికి కూర్చుంటే పప్పు మారు అడిగినవాళ్ళు నూటికి ఎందరో చెబుతారు గానీ ఉప్పు సరిపోయిందో లేదో చెప్పలేరు.

మనుషులు ఆయనకు నంబరు ప్లేట్లుగానే కనబడతారు. కేఏ 05 అంటే జయనగర్, 53 అంటే కేఆర్ పురం. అక్కడిదాకా బాగానే ఉంది. ఆంధ్రా దగ్గర వచ్చింది తంటా. 2019లో అక్కడ జిల్లాకో కోడు తీసేసి రాష్ట్రమంతటికీ ఏపీ 39 పెట్టారు. దాంతో బావగారి పటంలో ఇచ్ఛాపురం, హిందూపురం ఇరుగుపొరుగైపోయాయి. "ఈ 39 జిల్లా మహా జోరుగా ఉంది బామ్మర్దీ!" అని మురిసిపోయారు. 2024 మార్చిలో తెలంగాణ టీఎస్ కాస్తా టీజీ అయింది. కొత్త టీఎస్ బండి ఒక్కటీ రావడం లేదని ఆయనకు నిద్ర పట్టలేదు. తెలంగాణలో ఆదరణ పడిపోయిందని ఒక పేజీలో రాసి, టీజీ అనే కొత్త మార్కెట్ దొరికిందని పక్క పేజీలో శుభవార్త చెప్పారు.

ఒకసారి నన్నూ డిపోకి తీసుకెళ్ళారు. లిఫ్టు మీద ఒక కారు. జాబ్ కార్డు తిరగేసి, "మూడోసారి వచ్చాడు. నమ్మకమంటే ఇదీ!" అన్నారు. మదనపల్లె మెకానిక్ గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "నమ్మకం యాడిది సార్, బ్రేకు కూత ఇంకా పోలా. ఓనరు బయట కూచోని తిడతా ఉండాడు" అన్నాడు. తిట్లకు ఆయన షీటులో కాలమ్ లేదు.

చదువు లేక కాదు. గణాంకవేత్త అబ్రహాం వాల్డ్ కథ అడక్కుండానే చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగొచ్చిన విమానాలకు తూట్లు పడ్డ చోట కవచం వేద్దామనుకుంటే, తూట్లు లేని చోట వేయమన్నాడట ఆ మహానుభావుడు. అక్కడ దెబ్బతిన్నవి తిరిగే రాలేదు కాబట్టి. 1950లో ఆయన మన నీలగిరుల్లోనే విమానం కూలి పోయాడని చెప్పేటప్పుడు బావగారి గొంతు పూడుకుపోతుంది.

"మరి మీ డిపోకి రాని బండ్ల సంగతేమిటి బావగారూ?" అన్నాను.

"అవి డేటాలో లేవుగా!"

ఎందుకుంటాయి? జేసీ రోడ్డులో పార్టు బేరమాడి కొని, టిన్ ఫ్యాక్టరీ దగ్గర చెట్టుకింద మెకానిక్ చేత వేయించుకునే వాటిలో ఆయన స్కూటరూ ఒకటి. అదేమిటంటే, "డిపోలో రేట్లు చూశావా?" అంటారు.