అత్త మీద కోపం కార్బరేటర్ మీద

ఇంజిన్ స్టార్ట్ కాకపోతే మొదటి తిట్టు నాకే. ప్లగ్గు పోయినా, పెట్రోలులో నీళ్లు చేరినా, ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయినా సరే, "ఈ దిక్కుమాలిన కార్బరేటరే" అంటారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అన్నమాట.

దివిసీమలో, నాగాయలంక రేవులో ఒక ఫైబర్ బోటు వెనక బిగించిన టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిన్‌లో నా కాపురం. అరచేతిలో ఇమిడే అల్యూమినియం ముక్కని. ఎదురుమొండి చుట్టూ ఉన్న పాయల్లో, మడ అడవుల పక్కన పీతల వేటకు వెళ్తాం. పోటూ పాటూ కలిసొస్తే మొగ దాటి సముద్రంలోకీ పోతాం. బందరు పక్కన గిలకలదిండి హార్బర్‌లో ఉండే పెద్ద బోట్లకు నాతో పనిలేదు. అవి డీజిల్ ఇంజిన్లు, పంపుతో ఇంధనాన్ని చిమ్ముకుంటాయి.

నా గొంతు మధ్యలో ఇరుకుగా ఉంటుంది. ఇంజిన్ గాలి పీల్చినప్పుడు ఆ ఇరుకులో గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. కింద గిన్నెలో ఉన్న పెట్రోలు జెట్ రంధ్రంలోంచి పైకొచ్చి, తుంపరై గాలిలో కలుస్తుంది. ఇరుకు చోట ఒత్తిడి తగ్గే సంగతి గురించి ఇటలీ పండితుడు వెంచురి 1797లోనే రాశాడు. జర్మనీలో మేబాక్ తుంపర కార్బరేటర్ చేసింది 1893లో. చదువుకున్న వంశమే మాది, తిట్టే ముందు ఆ మాత్రం గుర్తుంచుకోవాలి.

మా యజమానికి ఒకటే యావ, పక్క బోటు కంటే ముందు రేవు చేరాలని. ముందొచ్చిన పీతకే కదా రేటు! నేను మధ్యదారిలో మొరాయిస్తున్నానని, పెద్ద కార్బరేటర్ వేస్తే పికప్ అదిరిపోతుందని ఎవరో చెప్పారు. విజయవాడ ఆటోనగర్ వెళ్లి నాకంటే వెడల్పు గొంతు ఉన్న మా జ్ఞాతిని తెచ్చాడు. మధ్యలో ఒక రేకు పలక చెక్కించి బిగించాడు. నన్ను పానాల పెట్టెలో పడేశాడు.

పెట్టెలోంచే అంతా విన్నాను. రేసు ఇస్తే ఇంజిన్ గుడగుడలాడింది. నల్ల పొగ. స్లో చేస్తే ఆగిపోయేది, ప్లగ్గు విప్పితే తడి. వేగం పిసరంత పెరగలేదు, పెట్రోలు మాత్రం సగం దారిలోనే అడుగంటింది. సిలిండర్ పీల్చే గాలి ఎప్పుడూ అంతే. గొంతు వెడల్పయితే నిదానంగా నడిచేటప్పుడు గాలి జోరు తగ్గుతుంది, పెట్రోలు తుంపర కాకుండా చుక్కలుగా జారిపోతుంది. పైగా పడవ వేగం తేల్చేది నేనొక్కదాన్నే కాదు. వెనక ఫ్యాను ఏటవాలు, పడవ అడుగు, దాని మీదున్న బరువు కూడా ఉన్నాయి. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

చివరికి ఇంజిన్‌తో పాటు పానాల పెట్టె కూడా గుడివాడ చేరింది. స్కూటర్లూ పంపుసెట్లూ బాగుచేస్తూ జుట్టు నెరిసిన మేస్త్రి ఒకాయన చూశాడు.

"ఏరా అబ్బాయ్, కడుపు అంతే ఉంటే నోరు పెద్దది చేసి ఏం లాభం?"

"పాతది ఆగిపోతోంది బాబాయ్."

"పాత ప్లగ్గు ఉందా?"

నా పక్కనే దొర్లుతోంది. దాని పింగాణీ సున్నం కొట్టినంత తెల్లగా ఉంది. అంటే మిశ్రమంలో పెట్రోలు చాలడం లేదన్నమాట. టూ స్ట్రోక్‌లో ఇది ప్రమాదం. లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున కలిపే ఆయిలు కూడా పెట్రోలుతోనే లోపలికి పోవాలి కాబట్టి, పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గి పిస్టన్ పట్టేస్తుంది.

మేస్త్రి నన్ను పేపరు మీద పెట్టి విప్పాడు. గిన్నె అడుగున తెల్లటి పొడి, మూలలో పాదరసంలా దొర్లుతున్న నీటి బొట్టు, స్లో జెట్ నిండా ఎండిన జిగురు. ఫ్లోట్ పిన్ మొన చుట్టూ గాడి పడింది, పిన్ను మార్చాడు. జెట్‌లో ఇనుప తీగ గుచ్చలేదు, రంధ్రం పెద్దదవుతుందని. వల నైలాన్ దారంతో దూర్చి, గాలి కొట్టాడు.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. బంకుల్లో వచ్చే పెట్రోలులో 2025 నాటికి ఇథనాల్ 20 శాతానికి చేరింది. మామూలు పెట్రోలు కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. రెండూ కలిసినప్పుడు అదే గాలికి ఇంధనం కాస్త ఎక్కువ పోవాలి. నా జెట్ మాత్రం పాత పెట్రోలుకు కొలిచి తొలిచింది. ఇథనాల్ నీళ్లను కూడా పట్టుకుంటుంది. నీళ్లు మోతాదు మించితే రెండూ కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి, మెయిన్ జెట్ ఉండేదీ అక్కడే. దివిసీమ తేమ గాలి గురించి చెప్పేదేముంది!

అందుకని జెట్ ఒక్క నంబరు పెంచాడు. రంధ్రం వ్యాసం నూటికి మూడు నాలుగు పాళ్లు పెరిగితే చాలు, ఇంధనం ఏడెనిమిది పాళ్లు ఎక్కువ పారుతుంది. ట్యాంకుకూ నాకూ మధ్య నీళ్లు ఆపే ఫిల్టర్ బిగించాడు. నాకు జరిగిన అప్‌గ్రేడ్ అంతే.

ట్యూనింగ్ డ్రమ్ము నీళ్లలో చేయనన్నాడు, బరువు లాగనిదే ఇంజిన్ నిజం చెప్పదని. నాగాయలంక వచ్చి, వలలతో సహా పడవ ఏట్లోకి దింపించాడు. ఇంజిన్ వేడెక్కాక స్లో స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, అక్కడినుంచి చెవితో సరిచేశాడు. ఫుల్ రేసులో కొంతదూరం పోనిచ్చి, ఇంజిన్ టక్కున ఆపి ప్లగ్గు విప్పాడు. కాఫీ రంగు. ఇక ముట్టుకోవద్దన్నాడు.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బైకుల్లో మా జాతి దాదాపు కనుమరుగైంది. ఇలా చెవితో వినే మేస్త్రులూ తగ్గుతున్నారు. కాబట్టి నన్ను చూసుకోవాల్సింది ఇక మీరే. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. బోటు ఒడ్డుకు లాగే రోజున నా గిన్నె కింది స్క్రూ విప్పి పెట్రోలు మొత్తం వంపేయండి, ట్యాంకు కూడా ఖాళీ చేయండి. జూన్‌లో తాజా పెట్రోలు పోసి తాడు లాగండి. అప్పటికీ స్టార్ట్ కాకపోతే ముందు ప్లగ్గు చూడండి, నన్ను తర్వాత తిట్టొచ్చు.