చట్నీ తగలని ఇడ్లీ

“వీడిది ఎవరి పోలికో!” అని మా మేనత్త వారం నుంచి రోజూ ఫోన్లో నిట్టూరుస్తోంది. మావాడు పుట్టినప్పుడు ఇదే మేనత్త ముక్కు మా వంశానిదని, వేళ్ళు మా తాతగారివని, ఆఖరికి తుమ్ము కూడా మా ఇంటిదేనని సాక్షి సంతకాల్లేకుండా రిజిస్ట్రేషన్ చేయించేసింది. ఆటిజం అని తేలగానే ముక్కు తప్ప మిగిలిన ఆస్తంతా మా ఆవిడ పుట్టింటివాళ్ళ పేరుకి బదిలీ అయిపోయింది. మా అత్తగారు తక్కువ తిందా? “మా వైపు ఇలాంటివి లేవమ్మా” అని ఆ కాగితాలు తిరుగు టపాలో పంపేసింది.

ఎవరి పోలికో నాకు తెలుసు. మా ఆవిడకి ఇంకా బాగా తెలుసు. సికింద్రాబాద్‌లోని ఒక జాతీయ సంస్థవాళ్ళు 2009లో తయారుచేసిన ఆటిజం పరీక్ష ఒకటుంది. 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. 70 కన్నా తక్కువొస్తే ఆటిజం లేనట్టు. తక్కువ మార్కులు రావాలని నేను దేవుడికి మొక్కుకున్న పరీక్ష అదొక్కటే. సైకాలజిస్టు అడుగుతోంది, మా ఆవిడ జవాబులు చెబుతోంది.

“కళ్ళలోకి చూసి మాట్లాడతాడా?”

“మాట్లాడరండీ.”

“అన్నీ ఒకేలా జరక్కపోతే గొడవ చేస్తాడా?”

“చేస్తారండీ.”

“జ్ఞాపకశక్తి మామూలుకన్నా వేరుగా ఉంటుందా?”

“మా పెళ్ళిలో మావాళ్ళు వడ్డించడం మర్చిపోయిన స్వీటు పేరు ఇప్పటికీ చెబుతారండీ.”

సైకాలజిస్టు పెన్ను ఆపి, “నేను బాబు గురించి అడుగుతున్నానమ్మా” అంది.

ఇక్కడ ఇడ్లీ గురించి చెప్పాలి. అక్కర్లేదని మీరనుకోవచ్చు, కానీ చెప్పాలి. ఇడ్లీకి చట్నీ తగలకూడదు. నంజుకోవడం వేరు, తగలడం వేరు. మొదటిది నా ఇష్టప్రకారం జరుగుతుంది. మా వీధి చివర టిఫిన్ బండి అతనికి ఈ తేడా పట్టదు. స్టీలు ప్లేటుకి పాలిథిన్ కవరు తొడిగి, నాలుగు ఇడ్లీలు పడేసి, మనం నోరు తెరిచేలోపు పల్లీ చట్నీ ఒక గరిటె, అల్లం చట్నీ ఒక గరిటె, ఆపైన కారప్పొడి, అన్నీ ఇడ్లీ నెత్తినే కుమ్మరిస్తాడు. “పక్కన వెయ్యి బాబూ” అంటే “ఎక్కడేసినా పోయేది కడుపులోకేగా సార్” అని వేదాంతం. అలాగైతే టీ కూడా అందులోనే పొయ్యమనండి! ఇక లాభం లేదని ఇంటి నుంచి మూతల గిన్నెలు పట్టుకెళ్ళడం మొదలుపెట్టాను. పల్లీకి ఎర్ర మూత, అల్లానికి నీలం మూత. మూతలు మారిస్తే మా ఆవిడ మీద అరుస్తాను. ఇది లక్షణం కాదు, శుభ్రత.

మా నాన్న నాకు తాత. పప్పన్నం అయ్యాక చెయ్యి కడుక్కొచ్చి గానీ కూరన్నం ముట్టేవాడు కాదు, పెళ్ళి పంక్తిలో కూడా. పంక్తి మధ్యలో లేవకూడదని పెద్దలు మొత్తుకునేవారు. ఆయన లేచేవాడు. “ఆయన నిష్ఠ అలాంటిది” అని సరిపెట్టుకునేవారు. మావాడు ఆ మధ్య బండి దగ్గర చట్నీ తగిలిన ఇడ్లీ ప్లేటుని రెండు చేతుల్తో, చప్పుడు చెయ్యకుండా, అంగుళం అంగుళం తోసి అవతలికి పడేశాడు. అల్లం చట్నీ బండి అతని చొక్కా మీద. పైకి “సారీ బాబూ” అన్నాను గానీ లోపల మూడు తరాల పగ చల్లారింది.

ఈ పోలిక ఇవాళ బయటపడిందేం కాదు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో ఒక లాయరు తన కొడుకు డోనాల్డ్ గురించి 1938లో డాక్టర్ లియో కానర్‌కి 33 పేజీల ఉత్తరం టైపు చేసి పంపాడు. కానర్ 1943లో రాసిన వ్యాసంలో కొడుకు లక్షణాలతోపాటు తండ్రి ఉత్తరంలోని అతి వివరాన్నీ వదలకుండా నమోదు చేశాడు. అది చదివాక, థెరపీ సెంటరుకి ఇద్దామని రంగురంగుల గడులతో నేను చేసిన ఎక్సెల్ షీటుని మెల్లిగా దాచేశాను. తర్వాత చాన్నాళ్ళు తల్లుల్లో ప్రేమ లేకపోవడం వల్లే ఇదంతా అని డాక్టర్లే నింద వేశారు. అలాంటి పిల్లాడికి తండ్రయిన సైకాలజిస్టు బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో పుస్తకం రాసి దాన్ని తిప్పికొట్టాడు. 1977లో బ్రిటన్ కవలల మీద చేసిన అధ్యయనం ఇందులో వంశపారంపర్యం పాత్ర పెద్దదేనని చూపించింది. ఆ కబురు మా బంధువుల వాట్సాప్ గ్రూపుకి ఇంకా అందలేదు. కడుపుతో ఉండి ఆఫీసుకెళ్ళినందుకేనని ఇప్పటికీ మా ఆవిడ మొహానే అంటారు.

వాళ్ళకన్నా నాకు ఎక్కువ ఒళ్ళు మండేది ఓదార్చేవాళ్ళ మీద. “నీకూ ఇవే చేష్టలు కదరా, బ్యాంకులో ఆఫీసరువి కాలేదూ? థెరపీలకి డబ్బు తగలెయ్యకు” అంటాడు మా బావ. చేష్టలు ఒకటే, కాదన్ను. కానీ చట్నీ గొడవకి నేను గిన్నె తీస్తాను. మావాడికి ‘వద్దు’ అనే మాట ఇంకా రాలేదు. మిక్సీ మోత నాకూ పడదు, వీధిలోకి పోతాను. వాడు గోడకి తల కొట్టుకుంటాడు. వాడిలో నన్ను చూసుకుని మురిసిపోతున్నప్పుడు మిక్సీ మోగితే ఆ మురిపెం అక్కడికి సరి. మా నాన్న ఎవరింటికెళ్ళినా అరుగు మీదే కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే విసుక్కునేవాడు. ఊరంతా పొగరనుకుంది. మేమూ అదే అనుకున్నాం. ఎందుకని ఆయన్ని అడిగినవాళ్ళు లేరు.

పోయిన నెల మా బాబాయి కూతురి రిసెప్షన్లో డీజే మొదలవగానే మావాడు చెవులు మూసుకున్నాడు. ఎత్తుకుని బయటికొచ్చి కార్ల మధ్య నిలబడ్డాను. “పిల్లాడి కోసం పాపం భోజనం కూడా మానుకున్నాడు” అని అందరూ జాలిపడ్డారు. డీజే నుంచి పరువుగా పారిపోవడం నాకు అదే మొదటిసారి అని వాళ్ళకి చెప్పలేదు.

పెళ్ళిళ్ళు చేసేవాళ్ళకి నాదొక మనవి. సౌండు తగ్గించండి. తగ్గించలేకపోతే పార్కింగు దగ్గర నాలుగైదు కుర్చీలు వేయించండి. మాతోపాటు బయటికి వచ్చేవాళ్ళు ఇంకా ఉంటారు, ఒప్పుకోరు గానీ.