వాళ్లది ఏడుపు, మనది ఉద్యమం

అమెరికా కంపెనీ ఏదైనా ఇంజినీరింగ్ పనిని హైదరాబాదుకు, అక్కడి ఉద్యోగులను ఇంటికి పంపిందన్న వార్త వస్తే మన దగ్గర వినపడే తీర్పు ఒకటే: ‘వాళ్లకు చేతకాదు, అందుకే పోయింది.’ చేగుంట చౌరస్తాలో మెదక్ బస్సు కోసం నిలబడ్డవాళ్లూ ఇదే అంటారు. కొండాపూర్‌లో కొడుకు, డల్లాస్‌లో అల్లుడు ఉన్న ఇంట్లోనైతే కాస్త గట్టిగా అంటారు. ఆ చేతకానితనం ఏపాటిదో తెలియాలంటే 2014 అక్టోబరులో ఓర్లాండోలో ఏం జరిగిందో చూడాలి. అక్కడ డిస్నీ సుమారు 250 మంది టెక్నాలజీ ఉద్యోగులను పిలిచి, మూడు నెలల్లో మీ పని అయిపోతుందని చెప్పింది. వాళ్ల పని భారతీయ ఐటీ సంస్థ హెచ్‌సీఎల్ తెచ్చినవాళ్ల చేతికి వెళ్లింది. వెళ్లేలోగా కొత్తవాళ్లకు కేటీ ఇవ్వాలి, అంటే తమ పనంతా నేర్పాలి. చివరిదాకా ఉండి ఆ పని పూర్తిచేస్తేనే అదనపు సొమ్ము. కేటీ ఇచ్చినవాళ్లకు దాని రుచి తెలుసు. స్క్రీన్ షేర్ చేసి, రికార్డింగ్ ఆన్ చేసి, ఏ అర్ధరాత్రి ఏ సర్వర్ పడిపోతే ఎలా లేపాలో ఒక్కో క్లిక్కూ చూపించాలి. ఎక్కడా రాసిపెట్టని కిటుకులు కూడా విప్పి చెప్పాలి. ఆఖరున తన కుర్చీలో కూర్చోబోయేవాడిని ‘డౌట్స్ ఏమైనా ఉన్నాయా?’ అని తనే అడగాలి. చేతకానివాడి దగ్గర నెలల తరబడి పని నేర్చుకునే కంపెనీ ప్రపంచంలో ఎక్కడైనా ఉంటుందా?

ఆ ఉద్యోగుల కోపం వెనకున్న మాట ‘మా ఉద్యోగాలు మాకే’. ఈ మాట వింటే నవ్వొచ్చేవాళ్లు ఎక్కడైనా ఉండవచ్చు గానీ తెలంగాణలో ఉండకూడదు. నిజాం 1919లో ఫర్మానా ఇచ్చి ముల్కీ, అంటే స్థానికుడు, ఎవరో తేల్చిన గడ్డ ఇది. ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అని 1952లో వీధుల్లోకి వచ్చింది. 1969లో విద్యార్థులు ప్రాణాలిచ్చింది అదే మాట కోసం. సర్కారు కొలువుల్లోని బయటివాళ్లను 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలని 1985 డిసెంబరులో 610 జీవో వస్తే, దాని అమలు కోసం మనం దశాబ్దాల పాటు ధర్నాలు చేశాం. నీళ్లు, నిధులతో పాటు నియామకాల పేరు చెప్పి రాష్ట్రమే తెచ్చుకున్నాం. ఇంత చరిత్ర ఉన్నవాళ్లం ఓర్లాండో ఉద్యోగికి పోరాటం ఎలా చేయాలో పాఠం చెప్పాల్సింది పోయి, అతన్ని ఏడుపుగొట్టువాడు అంటున్నాం. మనం చేస్తే ఉద్యమం, వాళ్లు చేస్తే ఏడుపు. ఈ లెక్క ఏ గణితంలోదో ఎవరూ చెప్పరు.

మనది సర్కారు కొలువుల గొడవ, ఆంధ్రతో విలీనమప్పుడు రాసుకున్న ఒప్పందం ఉల్లంఘిస్తే అడిగాం, ప్రైవేటు కంపెనీ సంగతి వేరు అని కొందరంటారు. 1969 వరకు ఆ వాదన నిలుస్తుంది. కానీ ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసి పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అన్నది ప్రైవేటు ఫ్యాక్టరీల గురించే. స్థానికులను ఎక్కువగా తీసుకునే పరిశ్రమలకు అదనపు రాయితీలిస్తామని తెలంగాణ మంత్రివర్గం 2020 ఆగస్టులో ఆమోదించిన విధానం కూడా ప్రైవేటు పరిశ్రమల గురించే. ఇక రెండో అభ్యంతరం, అమెరికావాళ్ల కోపంలో జాతి ద్వేషం ఉందని. ఉంది, కాదనలేం. అయితే చేగుంట నుంచి హైవే మీద హైదరాబాదు వైపు పోతే తూప్రాన్, మనోహరాబాద్, కాళ్లకల్ దగ్గర ఫ్యాక్టరీలు వరుసగా తగులుతాయి. అక్కడ షిఫ్టు దిగే బీహార్, ఒడిశా కార్మికుల గురించి మనవాళ్లు మాట్లాడే భాషను ఇంగ్లిషులోకి మార్చి టెక్సాస్‌లో చదివితే, అక్కడి జాత్యహంకారి కూడా తనకో తమ్ముడు దొరికాడనుకుంటాడు. మన నోట్లో దాని పేరు స్థానికత. గురివింద గింజకు తన నలుపు కనపడదు.

మనదాకా వచ్చాక మాత్రం స్వరం మారింది. టీసీఎస్ 2025 జులైలో దాదాపు 12 వేల మందిని తీసేస్తామంది. ఇదంతా ఏఐ వల్ల కాదు, నైపుణ్యాలు పొసగకపోవడం వల్ల అని సంస్థ సీఈవో కృతివాసన్ వివరణ ఇచ్చారు. ఓర్లాండో ఉద్యోగికి మనం చౌరస్తాలో చెప్పిన తీర్పునే మన ఉద్యోగికి కంపెనీ మర్యాదైన భాషలో చెప్పింది. అప్పుడు మాత్రం ఎవరూ ‘చేతనైతే నిలబెట్టుకోమను’ అనలేదు. ఉద్యోగుల సంఘం నైట్స్ కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది, చేయాల్సిందే. రెండు నెలలు తిరక్కుండానే ట్రంప్ కొత్త హెచ్‌1బీ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెడితే, అన్యాయం అని మనమంతా ముక్తకంఠంతో అన్నాం. అదీ అన్యాయమే. కాకపోతే న్యాయం అనేది విమానం ఎక్కాకే గుర్తుకొస్తే, దాన్ని న్యాయం అనరు, బోర్డింగ్ పాస్ అంటారు.

అసలైన అభ్యంతరం ఇంకోటి ఉంది. బయటి పని రాకపోతే హైదరాబాద్ ఎక్కడుండేది? 1998లో సైబర్ టవర్స్ లేచింది, మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ వచ్చింది. 2013-14లో 57 వేల కోట్ల రూపాయలున్న ఐటీ ఎగుమతులు 2022-23 నాటికి 2.41 లక్షల కోట్లు దాటాయి. అప్పటికి తొమ్మిది లక్షల మందికి పైగా కొలువులున్నాయి. అందులో చేగుంట, నార్సింగి పిల్లలూ ఉన్నారు. ఈ పనంతా వాపసు ఇచ్చేద్దామా? అక్కర్లేదు. పని చవకైన చోటికి పోతుంది. నిన్న మన దగ్గరికి వచ్చినట్టే రేపు ఇంకెక్కడికో, మనిషే అక్కర్లేని చోటికో పోతుంది. ఆపలేని ప్రయాణం గురించి కొట్లాడటం దండగ. కొట్లాడాల్సింది ఆ ప్రయాణం ఖర్చు ఎవరు భరించాలన్న దాని గురించి. లాభం కంపెనీదై, నష్టం మొత్తం ఉద్యోగి ఒక్కడిదే కావడం ప్రకృతి ధర్మం కాదు, చట్టం చేసిన నిర్వాకం.

ఆ నిర్వాకాలు రెండు చోట్లా చూడదగ్గవి. దిగుమతుల వల్ల ఉపాధి పోయినవారికి సాయం చేసే పథకం అమెరికాలో 1962లో మొదలై, 2022 దాకా కొత్త దరఖాస్తులు తీసుకుంది. ప్రోగ్రామర్లు వెళ్లి అడిగితే, సాఫ్ట్‌వేర్ చేత్తో పట్టుకునే వస్తువు కాదు కాబట్టి మీకు వర్తించదు పొమ్మన్నారు. కోర్టుల చుట్టూ తిరిగాక 2006లో గానీ అక్కడి కార్మిక శాఖ దారికి రాలేదు. అంటే ఉద్యోగం పోయింది నిజమే, పోయిన వస్తువే లేదు! మన దగ్గర వస్తువు ఉంది, కార్మికుడే లేడు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ ప్రకారం సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18 వేలకు మించి జీతం తీసుకునేవాడు కార్మికుడి లెక్కలోకి రాడు. అందుకే నలుగురి పని ఒక్కడే చేస్తున్నా కార్డు మీద మాత్రం ‘టీమ్ లీడ్’ అని ఉంటుంది. జీతం పెంచలేని ఏడాది హోదా పెంచడం ఎంత దూరదృష్టో తీసేసే రోజున అర్థమవుతుంది. వంద మంది లేదా అంతకు మించి ఉన్న కంపెనీ సామూహికంగా తొలగించాలంటే అరవై రోజుల ముందు చెప్పాలని అమెరికాలో 1988 నుంచి చట్టం ఉంది. మన ఐటీ కంపెనీల్లో చాలా చోట్ల ఉద్యోగి తనంతట తాను రాజీనామా చేస్తే తొంభై రోజులు కదలనివ్వరు. కంపెనీయే పంపాలనుకుంటే మాత్రం ఒక గదిలో కూర్చోబెట్టి, రాజీనామా మెయిల్ పెట్టేదాకా కాఫీ ఇస్తారు.

ఇటూ అటూ ఉద్యోగులు ఒకరినొకరు తిట్టుకున్నంత కాలం ఈ చట్టాలు ఇలాగే ఉంటాయి. పని మన దగ్గరికి వచ్చింది గానీ, పని ఎక్కడుండాలో నిర్ణయించే అధికారం రాలేదు. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ సీఈవో అయితే ఇక్కడ సంబరాలు చేసుకున్నాం, ఆ కుర్చీ మాత్రం రెడ్‌మండ్‌లోనే ఉంది. ఓర్లాండోకైనా మాదాపూర్‌కైనా కబురు వెళ్లేది అలాంటి కుర్చీల నుంచే. కాబట్టి అడగాల్సినవి మూడు: ఉద్యోగి ఇచ్చే నోటీసుకు సమానమైన నోటీసు కంపెనీ ఇవ్వాలి, సర్వీసును బట్టి పరిహారం కట్టాలి, కేటీ ఇవ్వనన్నవాడి సొమ్ము ఆపకూడదు. ఇవి అడగడానికి ముల్కీ కానక్కర్లేదు, అమెరికన్ కానక్కర్లేదు. ఈలోగా ఓర్లాండోవాళ్లను చూసి నవ్వాలనిపిస్తే నిరభ్యంతరంగా నవ్వవచ్చు. కాకపోతే ముందు ఆఫర్ లెటర్ బయటికి తీసి, కంపెనీ మనకు ఇవ్వాల్సిన గడువు ఎన్ని రోజులని రాసుందో చదువుకుని, ఆ తర్వాత కూడా నవ్వు వస్తే నవ్వాలి.