బాకీ పుస్తకమే హెచ్చార్ శాఖ

ఉద్యోగి ఎందుకు మానేశాడో తెలుసుకోడానికి అమెరికాలో సర్వేలు చేయిస్తారు. అక్కడ ఇద్దరిలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మేనేజరు పోరు పడలేకే ఉద్యోగం వదిలారని 2015లో గ్యాలప్ సంస్థ తేల్చింది. పాపం, వాళ్లకు చీరాల పక్కనున్న మా నేత ఊరు ఈపురుపాలెం తెలియదు. తెలిస్తే మా చేనేత షావుకార్ల దగ్గర శిష్యరికం చేసేవారు.

విద్య సులువే. పెళ్లికో రోగానికో నేతగాడు చెయ్యి చాపినప్పుడు కాదనకుండా అడ్వాన్సు ఇవ్వాలి. ఆ బాకీ తీర్చందే అతను మరో షావుకారు గుమ్మం ఎక్కలేడు. వచ్చే మజూరీకి బాకీ తీరదు. ఇంత పకడ్బందీ రిటెన్షన్ పాలసీ ఏ కంపెనీకి ఉంది?

ఇక అప్రైజల్. చీర తెచ్చాక షావుకారుగారు వెలుతురుకు పట్టి చూస్తారు. నూలు ఆయనదే, రంగు ఆయనదే, డిజైనూ ఆయనదే. తప్పు మాత్రం నేతగాడిది. అందుకే మజూరీలో కోత. వానలకు మగ్గం గుంటలో నీళ్లు నిలిస్తే అది జీతం లేని సెలవు. పొద్దస్తమానం కండెలు చుట్టిన ఇల్లాలి పేరు పుస్తకంలోనే లేదు గనక, ఆమె రాజీనామా చేసే ప్రమాదం కూడా లేదు.

ఎంగేజ్‌మెంట్ అంటారా? 2015 నుంచి ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం ఉంది కదా! వేదిక మీద ఒక ముసలి నేతగాడికి శాలువా కప్పితే సరి. అది మరమగ్గం మీద నేసిందైనా ఫోటోలో తెలియదు.

నూలు ధర పెరిగింది, మరమగ్గం ముంచింది అంటారు షావుకార్లు. నిజమే. మరి నష్టంలో వాటా పంచినవారు లాభంలో వాటా ఎందుకు పంచలేదో!

ఇన్ని తాళాలు వేసినా జనం జారిపోతూనే ఉన్నారు. 2009-10 గణనలో దేశంలో 43 లక్షలున్న చేనేత పనివారు 2019-20 నాటికి 35 లక్షలయ్యారు. 2019-20 గణన ప్రకారమే మూడింట రెండు వంతుల నేత కుటుంబాలకు నెలకు 5 వేలు కూడా వచ్చేవి కావు. బాకీపడ్డ తండ్రి గుంటలోనే ఉన్నాడు. కొడుకు హైదరాబాద్ రైలెక్కాడు. "ఈకాలం పిల్లలకు ఒళ్లు వంగదు" అని షావుకారు తీర్పు. అక్కడ ఆ పిల్లవాడి ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గరపెట్టుకుని బాండు రాయించుకున్న కంపెనీ టీమ్ లీడరుదీ అదే తీర్పు.

ఒళ్లు వంగకపోవడం ఈ ప్రాంతానికి కొత్తా? వద్దన్న మున్సిపాలిటీని బ్రిటిష్ ప్రభుత్వం నెత్తిన రుద్ది పన్ను పెంచితే, పక్కనున్న చీరాల, పేరాల జనం 1921లో తమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊళ్లకు ఊళ్లే ఖాళీచేసి, ఊరవతల రామనగర్ పాకల్లో నెలల తరబడి కాపురమున్నారు. బద్ధకస్తులెవరూ అంత కష్టం పడరు.

కాబట్టి షావుకార్లూ, టీమ్ లీడర్లూ! కోతకు కారణం కాగితం మీద రాసివ్వండి. ఇల్లాలి పనికీ మజూరీ కట్టండి. పోతానన్నవాణ్ణి బాకీతోనూ బాండుతోనూ కట్టెయ్యకండి. ఇవేవీ చేతకాకపోతే మీరే గుంటలో దిగి నాడె పట్టండి.