పిలవని పేరంటం

ఎంపిక సంఘాలంటే నాకు మొదట్నుంచీ గురి లేదు. ఎంపికైనవాళ్ల పేర్లు గోడకి అంటిస్తారు. కానివాళ్లు ఆ గోడ ముందు నిలబడి, అక్షరాలు అటూ ఇటూ అయ్యాయేమోనని రెండోసారి వెతుక్కుంటారు. ఎంపిక చేసిన పెద్దమనుషులు మాత్రం టీ తాగి ఇళ్లకి పోతారు. ఎవరిని కాదన్నారో, ఎందుకు కాదన్నారో పదేళ్ల తర్వాత నిలబెట్టి అడిగినవాడు లేడు. ఇది మన దగ్గరి జబ్బే అనుకునేవాణ్ణి. కాల్గరీలో కూతురింటికి వెళ్లడం మొదలయ్యాక, అడగాల్సిన పెద్దమనుషులు కెనడాలోనూ ఉన్నారని తెలిసింది. (చలికాలంలోనే ఎందుకొస్తారు నాన్నా అంటుంది మా అమ్మాయి. ఎండాకాలం వస్తే మామిడిపళ్లు ఎవరు తింటారు?)

కేసు ఇదీ. 2002 జూన్, టొరంటో నగరం. నేషనల్ హాకీ లీగ్ వాళ్లు ఏటా చేసే డ్రాఫ్ట్ ఆ ఏడు అక్కడ జరిగింది. ఇది ఐపీఎల్ వేలంలాంటిది కాదు, ఎవరూ పాట పాడరు. ఒక్కో జట్టూ వరసలో లేచి ఒక్కో కుర్రాడి పేరు చదువుతుంది. చదివిందా, వాడిమీద హక్కు దానిదే. పైగా కిందటేడు అధ్వాన్నంగా ఆడిన జట్లకి ముందు వరస. ఓడిపోయినందుకు బహుమానం ఇచ్చే ఏర్పాటు నేను ఇంకెక్కడా చూడలేదు, ఒకటి రెండు ప్రభుత్వ శాఖల్లో తప్ప.

మా ఆవిడకి విషయం విడమరిచి చెబితే, "అయితే పెళ్లిచూపులేగా" అంది. ఔను, పెళ్లిచూపులే. కాకపోతే కుర్రాడు సూటు తొడుక్కుని అమ్మానాన్నలతో స్టేడియంలో కూర్చుంటాడు, ముప్ఫై ఇళ్లవాళ్లు ఒక్కసారే చూస్తారు. ఎత్తెంత, బరువెంత, నడక ఎలా ఉంది, వెనక్కి కూడా నడుస్తాడా, ఎవరినైనా కొట్టిన చరిత్ర ఉందా అని ఆరా తీస్తారు. కొట్టి ఉంటే ఇక్కడ సంబంధం ఇంకాస్త గట్టిపడుతుంది, అంతే తేడా.

ఆ ఏడు 30 జట్లు తొమ్మిది రౌండ్లు తిరిగి 290 పేర్లు చదివాయి. మొదటి పేరు రిక్ నాష్, టొరంటో పక్కనే ఉన్న బ్రాంప్టన్ కుర్రాడు. మూడో పేరు జే బౌమీస్టర్ అనే డిఫెన్స్‌మన్. ఇతన్ని గుర్తుంచుకోండి, తర్వాత పనుంది. ఆ టొరంటోలోనే పుట్టిన ఇంకో డిఫెన్స్‌మన్, పద్దెనిమిదేళ్ల మార్క్ జియోర్డానో పేరు మాత్రం 290లోనూ రాలేదు. పైఏడు నాష్‌విల్‌లో మళ్లీ చదివారు. అక్కడా రాలేదు. సొంతూళ్లో పెళ్లి చేసి, 290 విస్తళ్లు వేసి, పక్కవీధి కుర్రాణ్ణి మర్చిపోయారన్నమాట. ఆ 290 మందిలో చాలామంది ఆ తర్వాత లీగ్‌లో ఒక్క ఆటా ఆడలేదు. మర్చిపోయినవాడు 1,148 ఆడాడు.

ఆ సంగతి అప్పుడెవరికీ తెలీదు కనుక, జియోర్డానో జార్జియన్ బే ఒడ్డున ఓవెన్ సౌండ్ అనే చిన్న ఊళ్లో జూనియర్ హాకీ ఆడుకుంటూ ఉండిపోయాడు. జూనియర్ వయసు అయిపోయింది. ఇక బుద్ధిగా యార్క్ యూనివర్సిటీలో చేరి బిజినెస్ చదువుదామనుకుంటుండగా, 2004లో కాల్గరీ ఫ్లేమ్స్ వాళ్లు ఒకసారి వచ్చి ఆడి చూపించమన్నారు. చూపించాడు. డ్రాఫ్ట్ దారిన కాకుండా పక్క తలుపులోంచి, ఫ్రీ ఏజెంట్‌గా తీసుకున్నారు. సరిగ్గా అప్పుడే లీగ్ యజమానులకీ ఆటగాళ్ల సంఘానికీ జీతాల పరిమితి దగ్గర తగువొచ్చి 2004-05 సీజన్ మొత్తం రద్దయింది. దరిద్రుడి పెళ్లికి వడగళ్ల వాన అంటాం. ఇతని పెళ్లికి ఆ వడగళ్లు కూడా లేవు, ఉన్న మంచుకే తాళం వేసేశారు.

తాళం పడనిది ఒక మెట్టు కింద ఉన్న అమెరికన్ హాకీ లీగ్. అందులో మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో ఒక ఏడు ఆడాడు, తర్వాత ఒమాహాకి మారాడు. అక్కడ ఉండగా కాల్గరీ నుంచి కబురొస్తే పైకి వెళ్లడం, పని అయ్యాక కిందికి దిగడం. ఇలాంటివాళ్ల కోసమే 'టూ-వే కాంట్రాక్ట్' అని ఒకటి కనిపెట్టారు. పైలీగ్‌లో ఉన్న రోజుకి ఒక జీతం, కిందికి పంపిన రోజుకి దానికి ఎంతో తక్కువ జీతం. మనిషి అతనే, మోకాళ్లు అవే. ఆ కాగితం తయారుచేసిన బుర్ర ఎవరిదో గానీ, మన దేశంలో పుట్టి ఉంటే ఈపాటికి పెద్ద చిట్‌ఫండ్ కంపెనీ నడుపుతుండేది.

2007లో మళ్లీ అలాంటి కాగితమే ముందు పెడితే జియోర్డానో వద్దని మాస్కో వెళ్లిపోయి, ఏడాదిపాటు డైనమో జట్టుకి ఆడాడు. ఇది విన్నప్పుడు మా ఆవిడ గరిటె పక్కన పెట్టి మరీ అడిగింది: "అలిగితే అలిగాడు, కాల్గరీ చలి చాలక మాస్కో వెళ్లాడా?" అలక అంటే ఏమిటో తెలిసిన మనిషి కనుక ఆమె ప్రశ్నలో న్యాయముంది. కానీ ఆ అలక పనిచేసింది. మరుసటేడు కాల్గరీ వాళ్లు సరైన కాంట్రాక్ట్ ఇచ్చి వెనక్కి తెచ్చుకున్నారు.

ఇప్పుడు నా సంగతి. ఐస్ హాకీలో నాకు పక్ కనిపించదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న నల్ల రబ్బరు బిళ్ల అది. మా మనవడికి కనిపిస్తుంది, అల్లుడికి కనిపిస్తుంది, గోల్ పడ్డాక ఎర్రదీపం వెలిగితే నాకూ అర్థమవుతుంది. పక్ కనిపించనివాడు ఈ ఆటలో ఏం చూడాలి? డిఫెన్స్‌మన్‌ని చూడాలి. వాడు పెద్దగా ఉంటాడు, కదిలేది పద్ధతిగా ఉంటుంది, పైగా పక్ ఎటు రాబోతోందో అక్కడే అడ్డంగా నిలబడి ఉంటాడు. అలా నా దృష్టిలోపం వల్ల నేను డిఫెన్స్ అభిమానినయ్యాను.

ఆ ఉద్యోగం ఎలాంటిదో చెబుతాను. ఎదుటివాడు గంటకి ముప్ఫై నలభై కిలోమీటర్ల వేగంతో మీదికొస్తుంటే ఇతను అదే వేగంతో వెనక్కి జారాలి, వాడి కళ్లవైపు కాక ఛాతీవైపు చూస్తూ. కళ్లు అబద్ధాలాడతాయిట, ఛాతీ ఆడదుట. ముప్పావు నిమిషం అలా చేసేసరికి ఊపిరి అయిపోతుంది, బెంచీ మీదికి వెళ్లి కూలబడితే ఇంకో జత దిగుతుంది. ఇదంతా బాగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు చప్పట్లు కొట్టే ప్రేక్షకుడు ఇంకా పుట్టలేదు. ఒక్కసారి కాలు తడబడి గోల్ పడిందా, టీవీలో ఆ తడబాటునే నిదానంగా, నాలుగు వైపుల నుంచీ, బాణం గుర్తు వేసి మరీ చూపిస్తారు.

వీటన్నిటికంటే ఘోరం షాట్ ఆపడం. గోల్ కాసే గోలీకి పెద్దపెద్ద ప్యాడ్లు, ముఖానికి మాస్క్ ఉంటాయి. డిఫెన్స్‌మన్‌కి అంత బందోబస్తు లేదు. అయినా ఎదుటివాడు కర్ర ఎత్తితే ఇతను వెళ్లి ఆ షాట్‌కి అడ్డం పడాలి. పక్ బరువు 170 గ్రాముల లోపే, కానీ గంటకి 150 కిలోమీటర్ల వేగం దాటి వచ్చే షాట్లుంటాయి. ఇంకో దుర్మార్గం చెప్పనా, ఆటకి ముందు ఆ బిళ్లని ఫ్రీజర్‌లో పెడతారు, ఎగిరెగిరి పడకుండా గట్టిగా, నేరుగా తగలాలని. లీగ్ వాళ్లు ఇలా ఆపిన షాట్లని 2005-06 నుంచి పద్దు రాస్తున్నారు. 2023లో ఆ పద్దులో అందరినీ దాటిపోయినవాడు జియోర్డానో. వెయ్యికీ పైగా ఆటల్లో దాదాపు రెండువేలసార్లు, కావాలనే, తెలిసి తెలిసి వెళ్లి దెబ్బలు తిన్నాడు. ఆ సంఖ్య విన్న మా ఆవిడ అడిగిందొకటే: "వాళ్లమ్మ ఇవన్నీ చూస్తుందా?"

ఆవిడకి ఈ ఆటలో నచ్చింది వేరే. పెనాల్టీ బాక్స్. తప్పు చేసినవాణ్ణి గాజుగదిలో రెండు నిమిషాలు కూర్చోబెట్టి, అందరూ చూస్తుండగా తప్పు గురించి ఆలోచించుకోమంటారు. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుల్లో ఇలాంటిది ఒకటి కట్టించాలని ఆమె కోరిక.

మమ్మల్ని అల్లుడు ఓసారి సాడిల్‌డోమ్‌కి తీసుకెళ్లాడు. గుర్రపు జీను ఆకారంలో కప్పు ఉన్న స్టేడియం అది. 1983 అక్టోబర్‌లో తెరిచారు, జియోర్డానో పుట్టింది కూడా ఆ నెలలోనే. బయట మైనస్ ముప్ఫై, లోపల మంచు. డబ్బిచ్చి టికెట్ కొని చలిలోంచి చలిలోకి వెళ్లాం. ఐదో నంబర్ చొక్కా దిగగానే వెనక వరసవాళ్లు "జియో! జియో!" అని అరిచారు. మా ఆవిడ శాలువా సర్దుకుని, "ఇక్కడికి కూడా వచ్చేశాడా అంబానీ?" అంది. మనవడు సిగ్గుతో చచ్చిపోయి పాప్‌కార్న్ కోసం వెళ్లాడు.

అప్పటికి జియోర్డానో కెప్టెన్. 2013లో జరోమ్ ఇగిన్లా లాంటి మహామహుణ్ణి పిట్స్‌బర్గ్‌కి పంపేశాక ఆ బాధ్యత ఇతని మీద పడింది. 2015 ఫిబ్రవరిలో కండరం తెగి సీజన్‌కి దూరమయ్యాడు. ఆ వసంతంలోనే జట్టు ప్లేఆఫ్స్‌కి చేరి, మొదటి రౌండ్ గెలిచి, ఊరంతా పండగ చేసుకుంది. ఇతను ఉన్న ఏళ్లలో అలా ఎందుకు గెలవలేదని అడక్కండి, చెప్పుకుంటే బాధ. వడగళ్ల సామెత ఊరికే తీయలేదు నేను.

2018-19లో మాత్రం వాన ఆగింది. ముప్ఫై అయిదేళ్ల వయసులో, డిఫెన్స్‌మన్‌లు మోకాళ్లకి నూనె రాసుకునే వయసులో, 17 గోల్స్, 57 అసిస్ట్‌లు, మొత్తం 74 పాయింట్లు. ఆ జూన్‌లో లీగ్ మొత్తానికీ ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ అతనికే వచ్చింది. జట్టుకి మాత్రం ఆ వసంతంలో మొదటి రౌండ్‌లోనే కొలరాడో చేతిలో చుక్కెదురైంది.

గుర్తుంచుకోమన్న బౌమీస్టర్ పని ఇప్పుడు. 2002లో మూడో పేరుగా చదివించుకున్న అతనూ, అసలు చదివించుకోని ఇతనూ నాలుగేళ్లు కాల్గరీలో ఒకే డిఫెన్స్‌లో ఆడారు. 2019 జూన్‌లో బౌమీస్టర్ సెయింట్ లూయిస్ తరఫున లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు. వారానికి జియోర్డానో నోరిస్ ఎత్తాడు. ఒకరికి దొరికింది ఇంకొకరికి ఎప్పటికీ దొరకలేదు. ఎంపిక సంఘం లెక్క తప్పిందంటారా, ఒప్పిందంటారా? నేను తప్పిందనే అంటాను. బౌమీస్టర్ విషయంలో కాదు, అతని తర్వాత వేసిన 287 విస్తళ్ల విషయంలో.

తర్వాత 2021. సియాటిల్‌లో కొత్త జట్టు పుట్టింది. కొత్త కాపురానికి తలా ఒక సామాను ఇచ్చినట్టు పాత జట్లు తలా ఒక ఆటగాణ్ణి వదులుకోవాలి. కాపాడుకునేవాళ్ల జాబితా ముందే రాసివ్వచ్చు. కాల్గరీ ముగ్గురు డిఫెన్స్‌మన్‌ల పేర్లు రాసింది. వాటిలో కెప్టెన్ పేరు లేదు! సియాటిల్ ఎగరేసుకుపోయింది. ఈ తంతు పేరు కూడా డ్రాఫ్టే. అంటే ముప్ఫై ఏడేళ్ల వయసులో, నోరిస్ ఇంట్లో ఉండగా, మార్క్ జియోర్డానో పేరు ఒక డ్రాఫ్ట్‌లో మొట్టమొదటిసారి చదివారు. వెళ్లగానే అక్కడ మొదటి కెప్టెన్‌ని చేశారు.

అక్కడైనా కుదురుగా ఉంచారా, 2022 మార్చిలో టొరంటోకి మార్చేశారు. ఆ వార్త మా అల్లుడు భోజనాల దగ్గర చదివాడు. ఇతన్నీ, కాలిన్ బ్లాక్‌వెల్ అనే ఇంకొకర్నీ తీసుకుని టొరంటో ఏమిచ్చిందయ్యా అంటే, రాబోయే డ్రాఫ్ట్‌లలో రెండు రెండో రౌండ్ ఎంపికలు, ఒక మూడో రౌండ్ ఎంపిక.

మా ఆవిడ పెరుగు వడ్డించడం ఆపింది. "ఉండు బాబూ. ఇది ఆ పిల్లాడి సొంతూరే కదా? పెళ్లి జరిగిందీ అక్కడే కదా? ఆవేళ ఆఖరి పంక్తిలో ఒక్క విస్తరేస్తే పోయేదానికి, ఇప్పుడు మూడు విస్తళ్లిచ్చి తెచ్చుకున్నారా?"

"అంతే అత్తయ్యగారూ. ఇంకొకడు కూడా వచ్చాడు లెండి."

"వాడు కొసరు."

కాల్గరీలో చివరి కాంట్రాక్ట్‌లో ఏడాదికి అరవై ఏడున్నర లక్షల డాలర్లు తీసుకున్న మనిషి, ఆ మే నెలలో సొంతూరి కోసం ఏడాదికి ఎనిమిది లక్షలకి రెండేళ్లు సంతకం పెట్టాడు. ఐదో నంబర్ అడుగుదామంటే టొరంటోలో దాన్ని బిల్ బారిల్కో అనే పాత ఆటగాడి పేరున ఎప్పుడో విశ్రాంతిలో పెట్టేశారు, 55 తొడుక్కున్నాడు. 2023లో టొరంటో టాంపా బేని ఓడించి, 2004 తర్వాత మొదటిసారి ఒక ప్లేఆఫ్ రౌండ్ దాటింది. నలభయ్యో ఏట, 2023-24లో, లీగ్‌లో అందరికంటే పెద్దవాడుగా ఆడాడు. కప్ రాలేదు.

ఈ కథంతా విన్న మనవడికి కొత్త సందేహమొచ్చింది. "అమ్మమ్మా, తాతయ్యని నువ్వు ఎన్నో రౌండ్‌లో తీసుకున్నావు?"

"మీ తాతయ్య డ్రాఫ్ట్‌లో లేరురా. మా నాన్న చూసిన సంబంధాలన్నీ తప్పిపోయాక, ఒకసారి వచ్చి ఆడి చూపించమన్నారు."

"మరి కాంట్రాక్ట్?"

"ఇంకా చూస్తున్నాను" అని, నాకు మజ్జిగ పోసింది.