స్వాగత పత్రానికి సర్వంకష వ్యాఖ్య

అవతారిక. మూలకర్త ఎవరో తెలియదు. మాల్దీవుల్లో ఒక దీవి, దీవి నిండా ఒకే రిసార్టు, ఆ రిసార్టులో నీళ్ల మీద స్తంభాలు పాతి కట్టిన గది, ఆ గదిలో దిండు మీద పెట్టిన ఒక అట్టముక్క. గ్రంథం లభించిన స్థలం ఇది. హనీమూనుకు వెళ్లిన మా బావమరిది కొడుకు దాన్ని తాళపత్రంలా పదిలంగా తెచ్చి, ఫ్రిజ్ తలుపుకు అంటించి, వచ్చినవాళ్లకల్లా చదివి వినిపిస్తున్నాడు. అంతటితో ఊరుకున్నా పోయేది. "మావయ్యా, అసలు లగ్జరీ అంటే సింప్లిసిటీ" అని నాకు ఉపదేశం కూడా మొదలుపెట్టాడు. ఆ సింప్లిసిటీకి ఇంకా కిస్తీలు కడుతున్నాడని వాళ్లమ్మ చెప్పింది. అందుచేత ఈ టీక.

మూలం ఇంగ్లీషులో ఉంది. వ్యావహారికానికి వ్యాఖ్య రాస్తే వ్యాఖ్యాతకు మర్యాద దక్కదు కనుక గ్రాంథికంలోకి దించుకున్నాను:

"పాదరక్షలను విడువుడు. కాలమును మరువుడు. ఇచట మీరు అతిథులు కారు, మా కుటుంబము. విందులు, వినోదములు కోరినంత ++."

మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి మరీ కాళిదాసుకు టీక రాశాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం పాటించిన తెలుగు పండితుణ్ణి ఆయన తర్వాత ఇంకొకణ్ణి నేను చూడలేదు.

ప్రతిపదార్థం సులభం. పాదరక్షలంటే చెప్పులని పిల్లలకు కూడా తెలుసు. వదిలేస్తున్నాను.

పాదరక్షలను విడువుడు. ఇది విధి వాక్యం. మనకు కొత్త విధి కాదు. గుడికి వెళ్లినా, వంటింట్లోకి వెళ్లినా, పొలంలో దిగినా చెప్పులు విడిచే జాతి మనది. గుడి ముందు విడిస్తే కాపలా కుర్రాడికి చిల్లర ఇస్తాం. ఇక్కడ విడవమని చెప్పినందుకే రాత్రికి వేల డాలర్లు పుచ్చుకునే రిసార్టులు ఉన్నాయి. మాల్దీవుల్లో వట్టికాళ్లతో తిరగడానికి నిజమైన కారణం ఉన్నవాళ్లు నాకు తెలిసి సీప్లేన్ పైలట్లే. తేలే విమానాన్ని తాళ్లతో రేవుకు కట్టేటప్పుడు కాళ్లు తడుస్తాయి, బూట్లు జారతాయి, కాబట్టి వాళ్లు చెప్పుల్లేకుండానే నడుపుతారు. దాన్ని వాళ్లు తత్త్వం అనరు, పని అంటారు.

కాలమును మరువుడు. ఇది మాత్రం గహనమైన చోటు. దేవతలకు ఒక పగలూ రాత్రీ గడిస్తే మనుషులకు ఏడాది అని పురాణాలు చెబుతాయి. స్వర్గంలో గడియారం వేరు. ఈ రహస్యం మాల్దీవుల రిసార్టులకు బాగా తెలుసు. రాజధాని మాలేలో సమయం మనకంటే అరగంట వెనక. కానీ చాలా రిసార్టులు తమ దీవిలో ముల్లును సొంతంగా ఒక గంట ముందుకు తిప్పుకుని, దానికి 'ఐలాండ్ టైమ్' అని పేరు పెట్టుకుంటాయి. సాయంత్రం వెలుతురు ఇంకో గంట నిలిచినట్టు అనిపించడానికట. అంటే మాలేలో అరగంట వెనకబడిన మనిషి పడవెక్కి దీవిలో దిగేసరికి మనకంటే అరగంట ముందుంటాడు. కాలాన్ని మరవమన్నవాళ్లే దాన్ని ఇంత జాగ్రత్తగా సవరించడం ఎందుకని శంక. సమాధానం: మరవాల్సింది అతిథి. రిసార్టువాళ్లు మరవరు. గది ఖాళీ చేసే వేళ ఏ గడియారం ప్రకారమో దిగగానే వాళ్లే చెబుతారు.

ఇక్కడ సూర్యుణ్ణి గురించి కూడా ఒక మాట చెప్పాలి. హైదరాబాదులో తూర్పు ముఖం ఫ్లాటుకు నాలుగు లక్షలు ఎక్కువ పెట్టి కొనే మనవాడు అక్కడికి పోయి పడమటి ముఖం గదికి ఎక్కువ ఇచ్చి వస్తాడు. చాలా చోట్ల అస్తమయం కనబడే విల్లా రేటు ఉదయం కనబడేదాని కంటే ఎక్కువ. వాస్తు సముద్రం దాటదన్నమాట. ఉదయాన్నే లేచేవాడు ఈ శాస్త్రభేదం వల్ల కాస్త మిగుల్చుకోవచ్చు.

హాస్యం పక్కనపెడితే, కాలాన్ని మరవమని చెప్పడానికి ప్రపంచంలో ఇంతకంటే తగని దేశం దొరకదు. దాదాపు 1,200 దీవుల్లో ప్రకృతి సహజమైన అత్యున్నత స్థలం సముద్ర మట్టం నుంచి రెండున్నర మీటర్ల ఎత్తు లోపే, ఆ మట్టమేమో పెరుగుతోంది. 2009 అక్టోబరులో అధ్యక్షుడు మొహమ్మద్ నషీద్ తన మంత్రులకు గాలి సిలిండర్లు తగిలించి, సముద్రం అడుగున బల్లలు వేయించి మంత్రివర్గ సమావేశం జరిపాడు. కోపెన్‌హాగెన్ వాతావరణ సదస్సుకు ముందు లోకం తమవైపు చూడాలని. ఆ దేశపు పిల్లలు కాలాన్ని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంటే, ఊయల మంచంలో పడుకున్నవాడికి మరవమని చీటీ రాస్తారు.

అన్వయక్రమంలో చివరి పదాన్ని ముందుకు తెచ్చుకునే హక్కు వ్యాఖ్యాతకు ఉంది. కనుక ఇప్పుడు '++'.

ఇవి రెండు చకారాలు, అంటే సంస్కృతంలో 'మరియు' అనే అర్థమిచ్చే 'చ'లు. శ్లోకంలో అవసరానికి మించి ఒక 'చ' కనబడితే సంస్కృత వ్యాఖ్యాతకు పండగే. ఛందస్సు చాలక కవి వేసుకున్నాడని ఒప్పుకోవడం మల్లినాథుడి వ్రతభంగం. "అనుక్త సముచ్చయార్థకం" అంటాడు, అంటే కవి నోటితో చెప్పనివన్నీ ఇందులో ఇమిడి ఉన్నాయని. మూలకర్త ఈ సంప్రదాయం చదువుకున్నవాడే అయి ఉండాలి. మొదటి చకారం పది శాతం సర్వీస్ చార్జీ. రెండోది పర్యాటకుల మీద వేసే జీఎస్టీ. 2023 జనవరి నుంచి 16 శాతం ఉండేది, 2025 జూలై నుంచి 17 చేశారు. రెండో చకారం మొదటి చకారం నెత్తిన కూడా కూర్చుంటుంది. వంద డాలర్ల భోజనానికి పది కలిపితే నూటపది, నూటపదికి 17 శాతం కలిపితే 128 డాలర్ల 70 సెంట్లు. కంటికి కనబడని మూడో చకారం గ్రీన్ టాక్స్. 2025 జనవరి నుంచి రిసార్టులో మనిషికి రోజుకు 12 డాలర్లు, అంతకు ముందు ఆరే. నాలుగోది సీప్లేన్ టికెట్టు.

పన్ను మీద నాకు కోపం లేదు. చేపలు, పర్యాటకులు తప్ప వేరే పెద్ద రాబడి లేని దేశం అది, కట్టాల్సిందే. నా కోపమల్లా దాన్ని రెండు గీతల్లో దాచే పద్ధతి మీద. 'కుటుంబము' అని రాయడానికి మూలకర్తకు చేయి వచ్చింది, 'నూట ఇరవై తొమ్మిది' అని రాయడానికి రాలేదు.

ధర మాట వచ్చింది కనుక ఇక్కడ కొంచెం విస్తరించాలి. పాఠకులు మన్నించాలి. మన్నించకపోయినా రాస్తాను.

డాలర్లు పుచ్చుకునే ఈ దీవులు ఒకప్పుడు లోకానికి డబ్బు ఎగుమతి చేసిన దీవులు. ఆ డబ్బు గవ్వలు. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో రాసిన లీలావతిలో నాణేల లెక్క గవ్వతోనే మొదలవుతుంది. ఇరవై గవ్వలు ఒక కాకిణి, నాలుగు కాకిణులు ఒక పణం, పదహారు పణాలు ఒక ద్రమ్మం, అంటే ద్రమ్మానికి 1,280 గవ్వలు. ఆరు వందల ఏళ్ల తర్వాత బెంగాలు బజారులో చూడండి. నాలుగు గవ్వలు గండా, ఇరవై గండాలు పణం, పదహారు పణాలు కాహన్. గుణించుకోండి, మళ్లీ 1,280. రాజ్యాలు మారాయి గానీ ఈ ఎక్కం మారలేదు. ఇంత నిలకడ మన రూపాయికి ఏనాడైనా ఉందా?

ఆ గవ్వల్లో అధిక భాగం మాల్దీవుల నుంచే వచ్చేవి. లోతులేని నీళ్లలో కొబ్బరి మట్టలు పడేసి ఉంచితే గవ్వ పురుగులు వాటిని పట్టుకుంటాయి. మట్టలు బయటికి లాగి, దులిపి, ఒడ్డున గుంటల్లో పూడ్చి, లోపలి మాంసం కుళ్లి పోయాక కడిగితే డబ్బు తయారు. 1343లో అక్కడ దిగి ఖాజీ పని చేసిన యాత్రికుడు ఇబ్న్ బతూతా గవ్వల్ని గుంటల్లో పూడ్చే ఈ పద్ధతి గురించి రాశాడు. దీవులవాళ్లు గవ్వలిచ్చి బెంగాలు నుంచి బియ్యం తెచ్చుకునేవాళ్లని కూడా రాశాడు. వరి పండని నేల మరి. ఈ ఖాజీగారే అక్కడి ఆడవాళ్లు ఒంటి నిండా బట్ట కట్టుకోవాలని ఆజ్ఞ వేయబోయి, తన మాట సాగలేదని ఒప్పుకున్నాడు. ఈనాడు జనం ఉండే దీవిలో ఒక నియమం, రిసార్టు దీవిలో ఇంకో నియమం. ఆయన ఓడిపోయిన కేసుకు ఆరున్నర శతాబ్దాల తర్వాత రాజీ కుదిరిందనుకోవచ్చు.

18వ శతాబ్దం చివర సిల్హెట్‌లో రాబర్ట్ లిండ్సే అనే ఈస్టిండియా కంపెనీ కలెక్టరుకు జిల్లా శిస్తంతా గవ్వల్లోనే వచ్చిపడేది. రూపాయికి 5,120. సరిగ్గా నాలుగు కాహన్లు. గిడ్డంగులు నింపి, అక్కణ్ణుంచి పడవల బారులకెత్తి ఢాకాకు పంపేవాడు. ఒక జమీందారు శిస్తు లెక్కపెట్టడానికి ఎంతమంది గుమాస్తాలు కావాలో ఊహించుకోండి. ఊహించుకుంటే నవ్వొస్తుంది. కానీ ఇవే గవ్వలను డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఓడల అడుగున బరువుకు వేసుకుని ఐరోపాకు చేర్చి, ఆమ్‌స్టర్‌డామ్‌లో, లండన్‌లో వేలం వేశారు. కొన్నవాళ్లు వాటిని పశ్చిమ ఆఫ్రికాకు తీసుకుపోయి మనుషుల్ని కొన్నారు. ఆ నీళ్లలో కొబ్బరి మట్ట లాగినవాడికి తన గవ్వ ఎవరి మెడకు వెల కట్టిందో తెలిసే దారే లేదు.

స్వాగత పత్రం దగ్గర ఆగి చాలాసేపయింది. పదండి.

మా కుటుంబము. ఈ పదానికి పాఠాంతరం లేదు, ప్రక్షిప్తమని కొట్టిపారేయడానికి వీల్లేదు. అర్థం చెప్పాల్సిందే. మాల్దీవుల్లో పనిచేసే విదేశీ కార్మికుల్లో అందరికంటే ఎక్కువమంది బంగ్లాదేశ్ వాళ్లు. బియ్యం పంపి గవ్వలు తెచ్చుకున్న ఆ తీరం నుంచే ఇప్పుడు మనుషులు వస్తున్నారు, డాలర్లు ఇంటికి పంపడానికి. సిల్హెట్ కూడా ఆ దేశంలోదే. తెల్లారకముందే బీచి మీద రాలిన ఆకులు ఊడ్చేది, రాత్రి అలలు కోసిన ఇసుకను మళ్లీ సర్దేది ఇలా వచ్చినవాళ్లే. అతిథి లేచేసరికి మనిషి అడుగుజాడ ఒక్కటి కనబడకూడదు, అప్పుడే అది 'ఎవరూ తాకని తీరం'. జనరేటర్లు, సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రాలు, లాండ్రీ, పనివాళ్ల గదులు పచ్చటి పొదల వెనక ఉంటాయి. హోటలు వ్యాపారంలో ఆ చోటుకు 'బ్యాక్ ఆఫ్ హౌస్' అని పేరు. కుటుంబం సగం వరండాలో, సగం పెరట్లో అన్నమాట. మన పాత జమీందారీ ఇళ్లలోనూ అంతే. కాకపోతే ఆ జమీందారు పాలేరును తనతో సమానమని చీటీ రాసి దిండు మీద పెట్టలేదు.

ఇక్కడ అలంకారం ఏమిటని విద్యార్థులు అడగవచ్చు. అపహ్నుతి. ఉన్నదాన్ని కాదని, లేనిదాన్ని ఔననడం. అతిథులు కారు, కుటుంబము. ఉదాహరణ ఇంత శుద్ధంగా అలంకార గ్రంథం కువలయానందంలో కూడా దొరకదు.

పూర్వపక్షం: ఇదంతా వెళ్లలేని ముసలివాడి అసూయ. సిద్ధాంతం: కొంతవరకు. ఆ నీటి రంగు ఫొటోలో చూసినా మనసు లాగుతుంది, కాదనను. సముద్రాన్ని నేను తప్పు పట్టడం లేదు. దానికి వేసిన తోరణాన్ని తప్పుపడుతున్నాను. 1972లో కురుంబా పేరుతో అక్కడ మొదటి రిసార్టు తెరిచినప్పుడు సాదాతనం నిజంగానే ఉండేది, వేరే గతి లేక. ఇప్పుడది దొరికేది 2009 తర్వాత జనం ఉండే దీవుల్లోనూ తెరవనిచ్చిన గెస్ట్‌హౌసుల్లో. మాఫుషి లాంటి దీవిలో మసీదు ఉంటుంది, బడి ఉంటుంది, అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే జనం ఉంటారు. అక్కడ మద్యం దొరకదు. చిన్న గెస్ట్‌హౌసుల్లో గ్రీన్ టాక్స్ సగమే. కుటుంబం అని ఎవరూ అనరు, టీ అడిగితే ఇస్తారు.

రిసార్టుకే వెళ్తానంటే వెళ్లండి. చకారాలన్నీ విప్పి మొత్తం ఎంతో ఒక్క అంకెలో రాసిమ్మని ముందే అడగండి. ఇంకోటి, సీప్లేన్లు చీకటిపడ్డాక ఎగరవు. సీప్లేన్ ఎక్కాల్సినవాళ్లు సాయంత్రం దాటాక మాలేలో దిగితే ఆ రాత్రి అక్కడే గది తీసుకోవాలి. ఆ గది అద్దె ఏ చకారంలోనూ లేదు.