పది గ్రాముల బ్రష్షు, పది లీటర్ల దాహం

ఉగాది వెళ్లీ వెళ్లకముందే హైదరాబాదులోనూ బెంగళూరులోనూ కొందరికి అడవి గుర్తుకొస్తుంది. ఏసీ గదిలో ల్యాప్‌టాప్ తెరిచి, ఉపగ్రహం తీసిన నల్లమల బొమ్మ మీద ఒక గీత గీస్తారు. నంద్యాల దగ్గర మొదలైన ఆ గీత అహోబిలం కొండలెక్కి దిగి, లంకమల పొదల్లోంచి సిద్ధవటం చేరి పెన్నలో కాళ్లు కడుక్కుంటుంది. మే నెలలో పెన్నలో కాళ్లు కడుక్కోవాలంటే ముందు చెలమ తవ్వాలన్న ముక్క ఉపగ్రహం చెప్పదు. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు, మూటాముల్లె అంతా సైకిలు మీదే, పడక అడవిలోనే. దీన్ని బైక్‌ప్యాకింగ్ అంటారు. దారి గీయడం ఒక పూటలో అయిపోతుంది. మిగిలిన నెలన్నర సామాను కొనడానికి.

సామానుకు ఒక శాస్త్రం ఉంది, దాని కొలమానం గ్రాము. వంటింటి త్రాసు హాల్లోకి వస్తుంది, ఎక్సెల్ షీటు తెరుచుకుంటుంది. పళ్ల బ్రష్షు పిడిని సగానికి కోస్తే పది గ్రాములు కలిసొస్తాయి. స్టీలు గ్లాసు బరువని వేలు పోసి టైటానియం మగ్గు తెప్పిస్తారు. చొక్కా మెడ దగ్గర కుట్టిన చీటీని కూడా కత్తిరించి తూకం వేసిన మహానుభావులున్నారు. సున్నా డిగ్రీల చలికి ఆగే స్లీపింగ్ బ్యాగు ఒకటి చుట్టి హ్యాండిల్‌కు కడతారు. వెళ్లేదేమో కత్తెర ఎండల్లో అర్ధరాత్రి కూడా 28 డిగ్రీలకు దిగనని మొండికేసే చోటికి.

ఇంత చేసి నీళ్ల దగ్గర లెక్క తప్పుతారు. 44 డిగ్రీల ఎండలో ఎగుడుదిగుడు దారిలో సైకిలు తొక్కేవాడికి గంటకు లీటరు చెమట పోవడం మామూలే. పొద్దున ఐదు గంటలు, సాయంత్రం మూడు గంటలు తొక్కినా ఎనిమిది లీటర్లు. అన్నం వండుకోవడానికి, రాత్రి గొంతు తడుపుకోవడానికి కలిపి మరో రెండు. అంటే రోజుకు పది కిలోలు, అదీ ఒక్క రోజుకే. సైకిలు బరువంత బరువు. నీళ్లలో టైటానియం రకం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కాబట్టి, బ్రష్షు పిడి మీద ఆదా చేసిన పది గ్రాములు మొదటి గుక్కతోనే సమసిపోతాయి.

దీనికి జవాబు సిద్ధంగానే ఉంటుంది: దారిలో పట్టుకుంటాం, ఫిల్టరు ఉంది. మ్యాపులో నీలం గీతలు చూపిస్తారు. ఆ నీలం గీతలన్నీ వాగులు. వాన పడిన నెలల్లో అవి నిజంగానే వాగులు. ఏప్రిల్ దాటాక ఇసుక, గులకరాళ్లు, మధ్యలో ఎండిన జమ్ము. వేసవి ముదిరాక నల్లమలలో చాలాచోట్ల వన్యప్రాణులకు దక్కే నీళ్లు అటవీ శాఖ పెట్టినవే. నేలలో పళ్లెం ఆకారంలో సిమెంటు తొట్లు కట్టి, సాసర్ పిట్లని పేరు పెట్టి, ట్యాంకర్లతోనూ సోలార్ బోర్లతోనూ నింపుతారు. దుప్పి, కణితి, ఎలుగు, చిరుత, పులి, అన్నీ వంతులవారీగా అక్కడికే రావాలి. మన యాత్రికుడు అదే తొట్టిని మ్యాపులో గుర్తుపెట్టుకుని, మడతల సీసా తీసి, ఫిల్టరు బిగించి కూర్చుంటానంటాడు. ఆ ఫిల్టరు బ్యాక్టీరియాను ఆపుతుంది, మట్టిని ఆపుతుంది. పులిని వడగట్టే ఫిల్టరు ఇంకా మార్కెట్లోకి రాలేదు. అడవిలో ఆనవాలు కూడా మిగల్చకుండా తిరిగొస్తామని ప్రతిజ్ఞ చేసిన మనిషే దుప్పి కోసం మోసిన నీళ్లను సీసాలో పట్టుకెళ్లడం ఈ క్రీడలో ఒక నియమమేమో తెలియదు.

పులి ఎక్కడో నడి అడవిలో ఉంటుందిలే అనేది రెండో ధైర్యం. 2023 మార్చిలో ఆత్మకూరు అడవి అంచున పెద్దగుమ్మడాపురం ఊరి దగ్గర నాలుగు పులి కూనలు దొరికాయి. తల్లి జాడ కోసం అటవీ సిబ్బంది రోజుల తరబడి గాలించారు, కెమెరాలు పెట్టారు, కూనలను తల్లి దగ్గరికి చేర్చాలని చూశారు. కుదరక చివరికి తిరుపతి జూకు పంపారు. ఊరి పొలిమేరలో పిల్లల్ని వదిలిన పులి, సైకిలు యాత్రికుడు గీసిన గీతకు దూరంగా ఉంటానని ఎవరికీ మాటివ్వలేదు.

అసలు వేసవి అన్న ముహూర్తం పెట్టిందెవరు? దాని జాడ తీస్తే కెనడాలో తేలుతుంది. అక్కడి బాన్ఫ్ నుంచి మెక్సికో సరిహద్దులోని యాంటెలోప్ వెల్స్ దాకా రాకీ పర్వతాల వెంబడి దాదాపు 4,400 కిలోమీటర్ల మట్టిదారిలో ఏటా జూన్‌లో టూర్ డివైడ్ అనే పోటీ మొదలవుతుంది. జూన్ ఎందుకంటే అంతకుముందు అక్కడి కనుమల్లో మంచు కరగదు. పాపం, వాళ్లకు గత్యంతరం లేదు. ఆ వీడియోలు చూసి మనవాళ్లు గేరు నేర్చుకున్నారు, సంచులు నేర్చుకున్నారు, నెల కూడా నేర్చుకున్నారు. రాకీల్లో మంచు కరిగే వేళకు రాయలసీమలో రోహిణి కార్తె, అంటే రోళ్లు పగిలే కాలం. రోలు పగిలే ఎండలో ట్యూబ్‌లెస్ టైరులో గాలి ఎంత ఉండాలన్న చర్చ మాత్రం రాత్రి రెండింటి దాకా నడుస్తుంది. పల్లేరుగాయలు, తుమ్మముళ్లు, రేగుకంపల గురించి ఆ చర్చలో ఒక్క ముక్క రాదు. రాకీల వీడియోల్లో అవి కనపడలేదు మరి.

ఈ నేల మీద రోజుల తరబడి సాగే యాత్రను ఎప్పుడు పెట్టుకోవాలో తెలియాలంటే కెనడా దాకా పోనక్కర్లేదు, అహోబిలం చాలు. అక్కడి నరసింహస్వామి ఏటా పారువేటకు బయల్దేరతాడు. కనుమ నాడు పల్లకి ఎక్కి, ముప్పైకి పైగా ఊళ్లు, నలభై రోజులకు పైగా తిరుగుతాడు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి ఊరూరా పిలుపులు చెప్పుకోవడం అసలు పని. చెంచులక్ష్మిని చేసుకున్నవాడు కాబట్టి చెంచులు అత్తింటివారు, వాళ్లకు ప్రత్యేక మర్యాద. ఎంత చక్కటి ప్రణాళికో చూడండి. జొన్నలు, శనగలు చేతికొచ్చే వేళ, వెన్నెల చల్లగా ఉండే వేళ, ప్రతి మజిలీలో ఒక ఊరు, ఊరూరా పల్లకి దించడానికి ‘తెలుపు’ అనే ఒక అరుగు. ఎండ ముదరకముందే ఇల్లు చేరిపోతాడు. ఉత్సవమూర్తుల్లో ఒకరి పేరు జ్వాలా నరసింహుడు. పేరులోనే మంట పెట్టుకున్న దేవుడు సైతం మే నెల జోలికి పోలేదు.

ఇక్కడ యాత్రికుడు లేచి, మరి ఉగాదికి కన్నడ భక్తులు ఎండలోనే నల్లమల దాటి శ్రీశైలం నడుస్తున్నారు కదా అంటాడు. నిజమే, నడుస్తున్నారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు. ఉత్తర కర్ణాటక నుంచి రోజుల తరబడి కాలినడకన కర్నూలు, ఆత్మకూరు చేరి, వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టి, నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను దాటి కైలాసద్వారం ఎక్కుతారు. ముసలివాళ్లుంటారు, చంటిపిల్లల తల్లులుంటారు, మొక్కుకుని మరకాళ్ల మీద నడిచేవాళ్లూ ఉంటారు. టైటానియం ఒక్కరి దగ్గరా ఉండదు. అయితే ఆ నడక వెనక ఏముందో చూడాలి. ఆ కొన్ని రోజులకే అటవీ శాఖ దారి వదులుతుంది. ట్యాంకర్లు తిరుగుతాయి, మజిలీల్లో అన్నదానాలు, దారి పక్కన మజ్జిగ, వైద్య శిబిరాలు, పందిళ్లు ఉంటాయి. ముందు వెయ్యిమంది, వెనక వెయ్యిమంది. ఒకరు సొమ్మసిల్లితే మోయడానికి నలుగురు.

బైక్‌ప్యాకింగ్ గొప్పంతా ఇవేవీ లేకపోవడంలోనే ఉందట. ఎవరి సాయమూ లేకుండా వెళ్లామని చెప్పుకోవాలి. టూర్ డివైడ్ నియమాల ప్రకారం దారిలో బంధువో స్నేహితుడో ఎదురొచ్చి అన్నం పెడితే ఆటలోంచి తప్పుకున్నట్టే. రాకీల్లో పోటీకి అది బాగుంది. నాగలూటి దగ్గర ఒక అవ్వ మజ్జిగ గ్లాసు చాపితే వద్దనడానికి ఎంత క్రీడాస్ఫూర్తి కావాలో ఊహించుకోవచ్చు.

బైర్లూటి వైపు టీ కొట్టు దగ్గర ఈ ప్లానంతా విప్పి చెబితే వచ్చే మాట ఎలా ఉంటుందంటే: “ఈ ఎండల్లో గుట్టల్లోకి యాడికి పోతారు సామీ? నీళ్లు లేవు, నిప్పులు లేచే కాలం. అయినా సారోళ్లు గేటు కాడ్నే ఆపుతారులే.”

ఆ గేటు సంగతి ప్లానులో చివరి పేజీలో, అదీ పెన్సిలుతో ఉంటుంది: అనుమతులు చూసుకోవాలి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 1983 నుంచి ఉంది. అభయారణ్యంలో అడుగుపెట్టాలంటే పర్మిట్ ఉండాలని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. రహదారిలో పోయేవాడికీ అక్కడే కాపురముండేవాడికీ మినహాయింపు ఉంది, జీపీఎస్‌లో గీత గీసుకున్నవాడికి లేదు. నిప్పు రాజేసి అభయారణ్యానికి ముప్పు తెచ్చినవాడి సంగతి 30వ సెక్షన్ చూసుకుంటుంది. ఎండుగడ్డి మధ్య గ్యాస్ స్టవ్ వెలిగించి కాఫీ కాచుకునే దృశ్యం వీడియోకు తప్పనిసరి కాబట్టి ఆ సెక్షన్ కూడా చదివి పెట్టుకుంటే మంచిది.

ఎండ బాధ పడలేక కొందరు తెలివిగా రాత్రి తొక్కుతామంటారు. దోర్నాల–శ్రీశైలం ఘాట్‌లో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బస్సులకే దారి లేదు, ఇక అడవిలోపలి మట్టిదారి మాట దేవుడెరుగు. పోనీ లంకమల. అక్కడ కలివికోడి ఉంటుంది. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక జాడ లేకుండా పోయి, ఇక లేదనుకున్నాక 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి పొదల్లో తేలింది. రాత్రిపూట తిరిగే పిట్ట. దాని కోసం ఒక అభయారణ్యం వెలిసింది, తెలుగుగంగ కాలువ దారి మళ్లింది. కాలువంతటిది పక్కకు తప్పుకుంది గానీ, హ్యాండిల్ మీద వెయ్యి ల్యూమెన్ల దీపం బిగించినవాడు తప్పుకుంటాడన్న నమ్మకం లేదు.

గీతను ఇంకాస్త కిందికి లాగి శేషాచలంలోకి దింపేవాళ్లూ ఉన్నారు. ఎర్రచందనం కొట్టడానికి వచ్చే కూలీల మూటల్లో ఏముంటుంది? నాలుగు రోజుల తిండి, దుప్పటి, తాడు, కత్తి, దీపం. యాత్రికుడి సంచుల్లో ఉండేవీ అవే, కాస్త ఖరీదైన రకం. అర్ధరాత్రి దొంగదారిలో ఎదురైన టాస్క్‌ఫోర్స్ జవాను ఆ తేడాను బ్రాండు పేర్లు చదివి తెలుసుకోవాలి. ఇది నవ్వులాట కాదు కూడా. 2015 ఏప్రిల్ 7న ఆ అడవిలో జరిగిన కాల్పుల్లో 20 మంది చనిపోయారు. 2025 శివరాత్రికి ముందు ఓబులవారిపల్లె మండలం గుండాలకోన దగ్గర రాత్రిపూట అడవిదారిన నడిచిన భక్తుల మీద ఏనుగులు పడితే ముగ్గురి ప్రాణాలు పోయాయి. దారి తెలిసిన జనమే వాళ్లు.

ప్రయాణానికి ప్లాను వేయడం ఎలాగో తెలుగులో మొదట రాసి చూపినవాళ్లలో ఏనుగుల వీరాస్వామయ్య ఒకడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయల్దేరి కడప, అహోబిలం, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్లాడు. ఇదే ఎండాకాలం, ఇవే అడవులు. వెంట వందమంది దాకా పరివారం, పల్లకీ, డేరాలు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లున్నాయి, దిగడానికి చోటెక్కడ, దారి రాయా ఇసకా అని మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయాడు. శ్రీశైలం యాత్రికుల దగ్గర కందనూరు (ఇప్పటి కర్నూలు) నవాబు పిండుకునే పన్ను సంగతీ దాచలేదు. తన పల్లకీ తూకం ఎంతో రాయాలని మాత్రం ఆయనకు తోచలేదు.

సైకిలు మీద ఈ సీమ చూడాలన్న కోరికలో తప్పేమీ లేదు, మంచి కోరిక. డిసెంబరు, జనవరి నెలల్లో కర్నూలులో బయల్దేరి ఓర్వకల్లు రాళ్లు, యాగంటి, బెలుం గుహలు చూసుకుంటూ గండికోట అంచున నిలబడి, జమ్మలమడుగు మీదుగా కడప చేరొచ్చు. పర్మిట్ అడిగేవాడుండడు. కాళ్లు మొరాయిస్తే ఆర్టీసీ బస్సు ఉంది. ఈ మాట చెబితే యాత్రికుడి ముఖం చిన్నబోతుంది. డిసెంబరులో సెలవు దొరకదంటాడు, పిల్లలకు బడి అంటాడు. అవి నిజమే కావచ్చు. కాసేపు నసిగాక అసలు కారణం బయటపడుతుంది: ఆ దారిలో ఊరూరా హోటలుంది. పొద్దున్నే వేడివేడి ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ దొరికే చోట తొక్కితే అది సాహసం కిందికి రాదట.